ఎం.ఎస్. రోగికి లిపిడ్ ప్రొఫైల్ ఏం చెబుతుంది?

లిపిడ్ ప్రొఫైల్ అనగానే గుండె గుర్తొస్తుంది. పరగడుపున రక్తమిచ్చి, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్.డి.ఎల్. ఎంతుందో చూసుకుంటాం. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉన్నవారికి ఆ రిపోర్టు మెదడు సంగతి కూడా చెబుతుందా?

ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ దారితప్పి మైలిన్ మీద దాడి చేస్తుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా నాడీతంతువులను చుట్టి ఉండే ఈ పొర ఎండు బరువులో 70 శాతం పైగా కొవ్వే. అది పాడైనచోట సంకేతాలు నెమ్మదిస్తాయి. చూపు మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది. కొందరికి జబ్బు తిరగబెడుతూ తగ్గుతూ ఉంటుంది. ఇంకొందరికి తిరగబెట్టకుండానే వైకల్యం ఏటికేడు పెరుగుతుంది. ఎవరికి ఎలా ముదురుతుందో ముందే తెలియకపోవడమే రోగినీ ఇంట్లోవాళ్లనూ కుంగదీస్తుంది.

2011లో అమెరికాలోని బఫెలో పరిశోధకులు 492 మంది రోగుల వివరాలు పరిశీలించారు. ఎల్.డి.ఎల్., ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారిలో వైకల్యం ఎక్కువగా ముదిరింది. అయితే సరిగా నడవలేని మనిషి బరువు పెరుగుతాడు, రక్తంలో కొవ్వులూ పెరుగుతాయి. ఏది కారణమో, ఏది ఫలితమో ఈ లెక్కలతో తేలదు.

మందుతో కొలెస్ట్రాల్‌ను దించి చూస్తే? లండన్‌లో జెరెమీ చాటవే బృందం జబ్బు ముదిరే దశలో ఉన్న 140 మందిపై సిమ్వాస్టాటిన్‌ను పరీక్షించింది. మందు వాడినవారిలో మెదడు కుంచించుకుపోయే వేగం దాదాపు 43 శాతం తగ్గిందని 2014లో ప్రకటించింది. ఆ మేలు కొలెస్ట్రాల్ తగ్గడంవల్ల వచ్చింది కాదని 2019 నాటి విశ్లేషణ సూచించింది. తర్వాత 964 మందితో జరిపిన పెద్ద పరీక్షలో, వైకల్యం ముదరడాన్ని ఈ మందు తగ్గించలేదని 2024లో తేలింది. ఎందరో ఎదురుచూసిన ఫలితమది, బాధ కలిగించింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వేరే అణువు. రక్తంలోని కొలెస్ట్రాల్ మెదడులోకి దాదాపు వెళ్లదు. మెదడు తనక్కావలసింది తానే తయారుచేసుకుంటుంది. మిగిలినదాన్ని వదిలించుకోవడానికి న్యూరాన్లలోని ఒక ఎంజైమ్ కొలెస్ట్రాల్‌లోని 24వ కార్బన్‌కు ఒక ఆక్సిజన్ పరమాణువును చేరుస్తుంది. ఆ చిన్న మార్పుతో అది మెదడు దాటి రక్తంలోకి, అక్కణ్నుంచి కాలేయానికి చేరుతుంది. దాని పేరు 24ఎస్-హైడ్రాక్సీకొలెస్ట్రాల్. రక్తంలో ఉండే ఈ అణువు చాలావరకు మెదడు నుంచి వచ్చిందే. న్యూరాన్లు తగ్గేకొద్దీ ఇదీ తగ్గాలి. జబ్బు ముదిరినవారిలో తగ్గినట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది కూడా. కాకపోతే మామూలు లిపిడ్ పరీక్ష దీన్ని కొలవదు.

అలాగని ఆ మామూలు పరీక్షను మానెయ్యకూడదు. బీపీ, షుగర్, అధిక కొలెస్ట్రాల్, గుండె జబ్బు వంటివి తోడైన ఎం.ఎస్. రోగుల్లో నడక త్వరగా దెబ్బతింటుందని 2010లోనే గమనించారు. సిమ్వాస్టాటిన్ లాంటి స్టాటిన్ మందు వాడాలా వద్దా అన్నది మాత్రం గుండెకున్న ముప్పును బట్టి డాక్టరు తేల్చాల్సిన విషయం.