అయస్కాంత పట్టీ కార్డు పనిచేయు విధానం – ఉత్తర తెలంగాణ అనుభవం

కరీంనగర్ / ఆదిలాబాద్: బ్యాంకు కార్డు వెనుక భాగంలో కనిపించే నల్లని పట్టీ ఖాతాదారుని కార్డు సంఖ్యను యంత్రానికి తెలియజేయగలదు గాని, ఆ కార్డు ఎవరి చేతిలో ఉన్నదో తెలుసుకోలేదు. ఈ ఒక్క పరిమితి కారణంగానే కార్డుల భద్రతకు మొదట రహస్య సంఖ్య, తరువాత చిప్, వేలిముద్ర వంటి ఏర్పాట్లు ఒకదాని వెంట ఒకటి అవసరమైనవి. సామాజిక భద్రతా పింఛన్లు, ఉపాధి పనుల వేతనాలు, సింగరేణి కార్మికుల జీతాలు, గల్ఫ్ దేశాల నుండి వలస కార్మికులు పంపే సొమ్ము అనేక కుటుంబాలకు ఖాతాల ద్వారానే అందే పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఈ విషయమై అధికారులకు, పాత్రికేయులకు స్పష్టమైన అవగాహన ఉండుట అవసరం.

పట్టీలో ఏమి ఉంటుంది

ప్లాస్టిక్ కార్డుకు అయస్కాంత పట్టీని జోడించే విధానాన్ని 1960 దశకం ప్రారంభంలో అమెరికాలోని ఐబీఎం సంస్థకు చెందిన ఇంజనీరు ఫారెస్ట్ ప్యారీ రూపొందించారు. జిగురుతో పట్టీ సరిగా అతకకపోగా, ఇస్త్రీ పెట్టె వేడితో అతికించవలసిందిగా ఆయన భార్య సూచించినట్లు ఆ సంస్థ తన చరిత్రలో పేర్కొన్నది.

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కార్డు పొడవు 85.60 మిల్లీమీటర్లు, వెడల్పు 53.98 మిల్లీమీటర్లు, మందం 0.76 మిల్లీమీటర్లు. పట్టీపై మూడు సమాంతర వరుసలకు చోటు కలదు. మొదటి వరుసలో 79 అక్షరాలు, రెండవ దానిలో 40 అంకెలు, మూడవ దానిలో 107 అంకెల వరకు నమోదు చేయవచ్చును. మొదటి వరుసలో ఖాతాదారుని పేరు కూడా ఉంటుంది. చెల్లింపులలో ప్రధానంగా ఉపయోగపడేది రెండవ వరుస. ఇందులో కార్డు సంఖ్య, గడువు తేదీ, కార్డును ఏ విధంగా వాడవచ్చునో తెలిపే మూడు అంకెల సేవా సంకేతం, బ్యాంకు తన తనిఖీ కొరకు చేర్చుకొను మరికొన్ని అంకెలు ఉంటాయి. ఖాతాలోని నిల్వ పట్టీపై ఉండదు. అది బ్యాంకు కంప్యూటరులోనే ఉంటుంది.

యంత్రం చదివే విధానం

పట్టీలో అతి సూక్ష్మమైన అయస్కాంత కణాలు ఉంటాయి. వీటి దిశను అక్కడక్కడ తారుమారు చేయుట ద్వారా సమాచారం నమోదవుతుంది. కార్డును గీసినపుడు ఈ మార్పులు యంత్రంలోని తీగచుట్ట ముందు నుండి కదలి స్వల్ప విద్యుత్ స్పందనలను కలిగిస్తాయి. ప్రతి గడి సరిహద్దులో ఒక మార్పు తప్పనిసరిగా ఉంటుంది. గడి మధ్యలో మరొక మార్పు ఉన్న యెడల ఒకటి, లేని యెడల సున్న అని యంత్రం గ్రహిస్తుంది. సరిహద్దు మార్పులే కొలమానంగా పనిచేయుట వలన కార్డును కొంత వేగంగా గీసినా, కొంత నెమ్మదిగా గీసినా అంకెలు మారవు.

గీతలు, మురికి, బలమైన అయస్కాంతాలు పట్టీని పాడు చేస్తాయి. తక్కువ శక్తి పట్టీలు సుమారు 300 ఓర్‌స్టెడ్ల అయస్కాంత తీవ్రతకే చెరిగిపోగలవు. అధిక శక్తి పట్టీలు సుమారు 2,750 ఓర్‌స్టెడ్ల స్థాయి వరకు నిలుస్తాయి.

అనుమతి ఎవరు ఇస్తారు

జగిత్యాలలోని బ్యాంకు శాఖ ఇచ్చిన కార్డును ఉట్నూరులో వేరొక బ్యాంకు ఏటీఎంలో ఉపయోగించారనుకొందము. కార్డు వివరాలతో పాటు, ఖాతాదారుడు నొక్కిన రహస్య సంఖ్య సంకేత రూపంలో ముందుగా ఏటీఎం నిర్వహించే బ్యాంకుకు, అక్కడి నుండి జాతీయ స్విచ్‌కు, ఆపై కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. ఆ బ్యాంకు రహస్య సంఖ్యను, నిల్వను పరిశీలించి జవాబు పంపుతుంది. ఇదంతా కొద్ది క్షణాలలో ముగుస్తుంది. వివిధ బ్యాంకుల ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థ ప్రారంభించగా, 2009లో దాని నిర్వహణ నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు బదిలీ అయినది.

నకలు సమస్య

పట్టీలోని సమాచారం ప్రతిసారీ ఒక్కటే. యంత్రం చదవగలిగిన దానిని మోసగాడు అమర్చిన పరికరం కూడా చదవగలదు. ఏటీఎంలో కార్డు పెట్టే చోట అదనపు పరికరాన్ని, మీటల పైభాగాన చిన్న కెమెరాను అమర్చి పట్టీ సమాచారంతో పాటు రహస్య సంఖ్యను కూడా సేకరించుట ఇందులో సాధారణ పద్ధతి. ఖాళీ కార్డుపై అదే సమాచారాన్ని నమోదు చేసినచో అసలుకు, నకలుకు యంత్రం తేడా కనుగొనలేదు. 2016 అక్టోబరులో దేశంలో సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు బయటకు పొక్కినట్లు వెల్లడి కాగా, బ్యాంకులు పెద్ద సంఖ్యలో కార్డులను నిలిపివేయవలసి వచ్చినది.

చిప్ కార్డు ఈ లోపాన్ని సరిదిద్దుతుంది. చిప్‌లోని రహస్య తాళం బయటకు రాదు. ప్రతి లావాదేవీకి చిప్ ఒక కొత్త సంకేతాన్ని తయారు చేస్తుంది. ఒకసారి వాడిన సంకేతం మరొకసారి చెల్లదు. 2015 సెప్టెంబరు 1 నుండి కొత్త కార్డులన్నీ చిప్, పిన్ గలవిగా ఉండవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. పాత పట్టీ కార్డుల మార్పిడికి 2018 డిసెంబరు 31ని గడువుగా నిర్ణయించినది. చిప్ కార్డుల వెనుక కూడా పట్టీ కొనసాగినప్పటికీ, వాటి సేవా సంకేతం 2 లేదా 6 అంకెతో మొదలై, చిప్‌నే వాడవలెనని యంత్రానికి తెలుపుతుంది. 2029 నుండి కొత్త కార్డులపై పట్టీ ఉండబోదని మాస్టర్‌కార్డ్ సంస్థ 2021లో ప్రకటించినది.

ఆదిలాబాద్‌లో స్మార్ట్ కార్డు ప్రయోగం

కార్డు ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నకు ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం వేరొక మార్గంలో సమాధానం వెదకినది. ఉపాధి హామీ వేతనాలు, పింఛన్ల చెల్లింపునకు వేలిముద్రలతో కూడిన స్మార్ట్ కార్డులను ప్రవేశపెట్టినది. గ్రామంలోని సేవా ప్రతినిధి తన చేతి యంత్రంలో లబ్ధిదారుని వేలిముద్రను సరిపోల్చి, సొమ్ము అందజేసి, రశీదు ఇచ్చేవారు. అడవి గ్రామాల వంటి చోట్ల ఫోను సంకేతాలు అందనపుడు పట్టీ కార్డు అనుమతి పొందజాలదు. స్మార్ట్ కార్డులో వేలిముద్ర వివరాలు చిప్‌లోనే ఉండుట వలన గుర్తింపు అక్కడికక్కడే పూర్తి కాగలదు.

ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్ ఈ పథకాన్ని ఆదిలాబాద్‌తో సహా 8 జిల్లాలలోని 157 మండలాలలో అధ్యయనం చేశారు. 2016లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, స్మార్ట్ కార్డులు ముందుగా అమలైన మండలాలలో ఉపాధి హామీ వేతనం తీసుకొనుటకు పట్టే సమయం సుమారు 20 శాతం, నిధుల దుర్వినియోగం సుమారు 41 శాతం తగ్గినవి. రెండేళ్ల తరువాత కూడా ఆ మండలాలలో సుమారు సగం చెల్లింపులే కొత్త విధానానికి మారినవి. అయినప్పటికీ ఈ ఫలితాలు కనిపించుట గమనార్హం.

క్షేత్రస్థాయిలో గమనించవలసినవి

చిప్ వచ్చినంత మాత్రాన ప్రమాదం పూర్తిగా తొలగలేదు. చదువు రాని ఖాతాదారులు, వృద్ధులు కార్డుతో పాటు రహస్య సంఖ్యను కూడా ఇతరులకు అప్పగించినపుడు ఏ సాంకేతిక ఏర్పాటూ వారిని కాపాడలేదు. యంత్రం దృష్టిలో కార్డు, సంఖ్య రెండూ గలవారే ఖాతాదారులు. కావున గ్రామ సభలలో, పింఛను పంపిణీ కేంద్రాలలో ఈ క్రింది అంశాలను తెలియజేయుట ప్రయోజనకరం.

1. రహస్య సంఖ్యను ఖాతాదారుడే స్వయంగా నొక్కవలెను. నొక్కునపుడు రెండవ చేతిని మీటలకు అడ్డుగా ఉంచవలెను. సంఖ్యను కార్డుపై గాని, దాని కవరుపై గాని వ్రాయరాదు.

2. గ్రామంలోని మైక్రో ఏటీఎం వద్ద సొమ్ము తీసుకొన్న ప్రతిసారీ రశీదు అడిగి, మొత్తాన్ని సరిచూసుకొనవలెను.

3. ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో సొమ్ము తగ్గిన యెడల లావాదేవీ తేదీ తరువాత 5 రోజులలోగా తిరిగి జమ చేయవలెనని, ఆలస్యమైనచో రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించవలెనని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది.

4. బ్యాంకు తప్పు గాని, ఖాతాదారుని తప్పు గాని లేకుండా మూడవ పక్షం వలన సొమ్ము పోయినచో, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాలలోగా ఫిర్యాదు చేసిన ఖాతాదారునిపై నష్టభారం ఉండదని 2017 జూలై 6 నాటి ఉత్తర్వులు పేర్కొన్నవి. ఖాతాదారుడే రహస్య సంఖ్యను ఇతరులకు తెలిపినచో, ఫిర్యాదు చేసే వరకు కలిగిన నష్టం అతనిదే. కావున సొమ్ము పోయిన వెంటనే బ్యాంకుకు, సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు తెలియజేయుట అత్యవసరం.