కొత్త బడి, దాచుకున్న శక్తి: మూడు కథల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
తోటివారికి లేని శక్తి ఒకటి తనలో దాగి ఉండగా బాలుడో బాలికో కొత్త గురువు వద్ద చేరడం పలు సాహిత్యాలలో కనిపించే కథాంశం. ఇటువంటి కథల గమనాన్ని ఆ శక్తి స్వరూపం కంటే, అది బయటపడినప్పుడు ఎదుటివారు స్పందించిన తీరే ఎక్కువగా నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రోల్డ్ డాల్ నవల 'మటిల్డా', పోతన భాగవతంలోని ప్రహ్లాదచరిత్ర, మహాభారత శాంతిపర్వంలోని కర్ణవృత్తాంతం ఇక్కడి పరిశీలనాంశాలు.

కీలకపదాలు: బాలసాహిత్యం, కథాంశం, రహస్యశక్తి, గురుశిష్యసంబంధం, తులనాత్మక అధ్యయనం.

1. ఉపోద్ఘాతం:
ఇల్లు దాటి బడిలో అడుగుపెట్టిన బిడ్డను తొలిసారిగా పరాయి కళ్లు అంచనా వేస్తాయి. నలుగురిలో వేరుగా కనబడతానేమోనన్న జంకు, ఒక్కరైనా తనను గుర్తించాలన్న ఆశ ఆ బిడ్డలో ఒకేసారి ఉంటాయి. రహస్యశక్తి కథలు ఈ సంఘర్షణకే రూపమిస్తాయి. జె.కె. రౌలింగ్ తొలి హ్యారీ పోటర్ నవల (1997)లో బాలుని శక్తి సంగతి అతనికంటే ముందే పాఠశాలకు తెలుసు. అక్కడి విద్యార్థులందరూ మాంత్రికులే కనుక దానిని బడిలో దాచవలసిన పని లేదు. శక్తి సంగతి తెలియని గురువుల వద్ద చేరినవారి స్థితి ఇందుకు భిన్నం. ఈ వ్యాసం వారికే పరిమితం.

2. మటిల్డా - విన్న ఉపాధ్యాయిని:
1988లో వెలువడిన 'మటిల్డా'లో కథానాయిక మూడేళ్లకే సొంతంగా చదవడం నేర్చుకుంటుంది. తల్లిదండ్రులకు ఆ తెలివి పట్టదు. ఐదున్నరేళ్ల వయసులో బడిలో చేరిన తొలి రోజే మిస్ హనీ ఆమె ప్రతిభను గుర్తించి పై తరగతికి పంపమని కోరగా ప్రధానోపాధ్యాయిని నిరాకరిస్తుంది. తరువాత చేయని తప్పు మోపబడినప్పుడు, మటిల్డా కోపంతో చూసిన చూపుకే బల్లమీది గ్లాసు ఒరిగిపోతుంది. ఆమె ఆ రహస్యాన్ని మిస్ హనీకి మాత్రమే చెబుతుంది. మిస్ హనీ ఎగతాళి చేయదు, నలుగురికీ చాటదు. తన బాల్యంలోని బాధను తానూ ఆ పాపతో పంచుకుంటుంది. నవల చివర మటిల్డా పై తరగతికి చేరి, బుద్ధికి తగిన పని దొరికాక ఆ అద్భుతశక్తి మాయమవుతుంది. పాఠశాల ఇవ్వని అవకాశం వల్ల పోగుపడిన మేధాశక్తే అద్భుతంగా పొంగిందని డాల్ సూచన.

3. ప్రహ్లాదుడు - విన్న సహపాఠులు:
ప్రహ్లాదుడు చండామార్కుల వద్దకు చదువుకు వెళ్లేనాటికే జ్ఞాని. గురువులు ఇంటిపనులమీద వెళ్లిన వేళ తోటి బాలురకు అతడు తత్త్వం బోధిస్తాడు. తమతోపాటే చదువుకుంటున్నవానికి ఇది ఎలా తెలిసిందని వారు ఆశ్చర్యపోతారు. తల్లి గర్భంలో ఉండగా నారదుని ఉపదేశం విన్నానని అతడు అప్పుడు వెల్లడిస్తాడు. ఆ మాటను సహపాఠులు స్వీకరించారు. గురువులు భయపడి రాజుకు విన్నవించారు. ఒకే పాఠశాలలో, ఒకే జ్ఞానానికి రెండు భిన్న స్పందనలు కనిపిస్తాయి. వినే స్వేచ్ఛ బాలురకు ఉంది. రాజాశ్రయంలో ఉన్న గురువులకు అది లేదు.

4. కర్ణుడు - శపించిన గురువు:
కర్ణుడు ఈ సందర్భంలో యువకుడు. అతడు దాచినది పుట్టుకను. అయినా ఆ రహస్యాన్ని బయటపెట్టినది అతని అసాధారణ సహనశక్తే కనుక ఈ వృత్తాంతం ఇక్కడ ప్రసక్తమవుతుంది. బ్రాహ్మణుడనని చెప్పి పరశురాముని వద్ద చేరిన అతడు, గురువు తన ఒడిలో తల పెట్టుకొని నిద్రిస్తుండగా పురుగు తొడను తొలిచినా కదలలేదు. రక్తం తగిలి మేల్కొన్న గురువు, ఇంత బాధను బ్రాహ్మణుడు ఓర్చలేడని నిలదీశాడు. నిద్రాభంగం కాకూడదన్న గురుభక్తే శిష్యుని అసత్యానికి సాక్ష్యమైంది. అవసరవేళ బ్రహ్మాస్త్రం స్ఫురించకపోవడం దాని ఫలితం. కర్ణుడు అబద్ధమాడిన మాట నిజం. అయితే పుట్టుకనుబట్టి విద్య నిరాకరించే వ్యవస్థే ఆ అబద్ధానికి కారణమన్న మాటా విస్మరించరానిది.

5. ముగింపు:
భాగవత భారతాలు బాలల కోసం ఉద్దేశించిన రచనలు కావు. వాటి లక్ష్యాలు ఆధునిక నవల లక్ష్యాలకు భిన్నమైనవి. ఆ పరిమితిని అంగీకరిస్తూనే మూడు కథలలో ఒక సామ్యాన్ని గుర్తించవచ్చు. శక్తి ముగ్గురిలోనూ ఉంది. దానిని గౌరవంగా విన్నవారు ఉన్నచోట అది విద్యగా పరిణమించింది. నియమమే ప్రధానమైనచోట నేరంగా మారింది. కాబట్టి ఈ కథాంశాన్ని పరిశోధించేవారు బిడ్డకు ఏ శక్తి ఉన్నదన్న ప్రశ్నతో ఆగక, ఆ రహస్యం మొదట ఎవరికి తెలిసింది, తెలిసినవారు ఏం చేశారు అన్న ప్రశ్నలను కూడా వేసుకోవాలి. తరగతిగదిలో నిలబడే అధ్యాపకునికీ ఈ ప్రశ్నలు వర్తిస్తాయి.