ఏ పెన్‌డ్రైవు ఏదో తెలియుట ఎట్లు?

శంషాబాదు విమానాశ్రయమున దిగిన ప్రయాణికుడు తన పెట్టెకొరకు తిరుగుచున్న పట్టీ చెంత నిలుచుండును. నల్లని పెట్టెలు ఒకే తీరున వరుసగా వచ్చును. బుద్ధిమంతుడు రంగు చూచి పెట్టె నెత్తుకొనడు. పిడికి కట్టిన చీటిపైనున్న పది అంకెల సంఖ్యను తన రసీదుతో సరిచూచుకొనును. 2008 మార్చిలో ఈ విమానాశ్రయము తెరువబడిన నాటినుండి పరిసర గ్రామములవారికి ఈ దృశ్యము పరిచితమే.

పంచాయతీ కార్యాలయపు కంప్యూటరుకు తగిలించు పెన్‌డ్రైవుల విషయమునను ఇట్టి జాగ్రత్తయే అవసరము. ఇంటిపన్ను జాబితా, గ్రామసభ తీర్మానములు, పనుల ఛాయాచిత్రములు వీనియందు నకలు తీసి దాచుట కలదు. ఒక డ్రైవును ఫార్మాటు చేయబోయి వేరొకదానిని చేసినచో ఆ లెక్కలు తిరిగి వచ్చునను భరోసా లేదు.

పొరపాటు తరచుగా డ్రైవు అక్షరమువద్ద జరుగును. విండోసులో ‘ఎ’, ‘బి’ అక్షరములు పూర్వము ఫ్లాపీలకు కేటాయింపబడినందున లోపలి డిస్కు ‘సి’తో ఆరంభమగును. తరువాత తగిలించినవానికి ఖాళీగానున్న అక్షరము లభించును. నిన్న ‘ఇ’ అయినది, నేడు దానికి ముందు వేరొకటి తగిలించియున్నచో ‘ఎఫ్’ కావచ్చును. అనగా ఈ అక్షరము పెట్టె వచ్చిన పట్టీ సంఖ్యవంటిదే గాని, పెట్టెకు కట్టిన చీటివంటిది కాదు. లినక్సులోని ‘ఎస్‌డిబి’, ‘ఎస్‌డిసి’ పేర్లును కనబడిన వరుసనుబట్టి వచ్చునవే.

మరియొక చిక్కు గలదు. ‘తీసివేయదగినది’ అను గుర్తును ప్రతి పరికరము తన్ను గూర్చి తానే చెప్పుకొనును. పెన్‌డ్రైవులు సాధారణముగా అట్లే చెప్పును. బయట తీగతో తగిలించు హార్డ్‌డిస్కు మాత్రము తాను స్థిరమైనదాననని చెప్పుట కద్దు. అప్పుడు విండోసు దానిని లోపలి డిస్కువలెనే చూపును. ఏమియు పెట్టని కార్డురీడరు గూడు సయితము తీసివేయదగినదిగా కనబడవచ్చును! కావున ఆ మాటను నమ్ముకొనక, పరికరము యు.ఎస్‌.బి. మార్గమున వచ్చినదా యని చూడవలెను. విండోసు డివైస్ మేనేజరులో కనెక్షనువారీగా చూచినచో ఇది తెలియును.

అసలు చీటి, తయారీదారు ఇచ్చిన సీరియలు సంఖ్య. చౌక పరికరములలో కొన్నిటికి అది ఉండదు. కొన్నిటికి ఒకే సంఖ్య ఉండును. ఫార్మాటు చేసినప్పుడు ఏర్పడు వాల్యూము సంఖ్య వేరు. కమాండు ప్రాంప్టునందు వి, ఓ, ఎల్ అను మూడక్షరములు కొట్టి, పక్కన డ్రైవు అక్షరమును, దాని వెంట రెండు చుక్కల గుర్తును ఉంచినచో అది కనబడును. మరల ఫార్మాటు చేసిన మారును. డిస్కును యథాతథముగా నకలు తీసిన రెండింటికి అదే యుండును. పరిమాణమును చూచువారు 32 జీబీ అని ముద్రించినది 29.8గా కనబడుట చూచి కలవరపడనక్కరలేదు. లెక్కించు పద్ధతి వేరగుటయే కారణము.

కావున సంఖ్య, పేరు, పరిమాణము మూడును కలిసి చూడవలెను. ప్రతి డ్రైవుకు ఒక పేరు పెట్టి, పైన చీటి అంటించి, ఆ వివరములను స్టాకు రిజిస్టరులో వ్రాయించుట కార్యదర్శికి అయిదు నిమిషముల పని. ఫార్మాటు చేయుటకు పూర్వము ఆ డ్రైవును సురక్షితముగా తీసి, జాబితాలో ఏది మాయమైనదో, మరల పెట్టగా ఏది వచ్చినదో కనిపెట్టవలెను. తక్కిన డ్రైవులన్నియు తీసివేసి చేయుట ఇంకను సులభము. అయినను లోపలి డిస్కు మాత్రము ఎల్లప్పుడును ఆ జాబితాలో నుండును.