పచ్చతోరణం

పిల్లలూ! ఉగాది పొద్దుటే పెద్దవాళ్లు మీకు చెప్పే మొదటి పని ఏమిటి? "వెళ్లి నాలుగు మామిడాకులు కోసుకు రండి!" అనే కదా? మీరు పెరట్లోకి పరుగెత్తుతారు. చేతికందిన కొమ్మను వంచి, దాని చివర పుటుక్కున విరిచి తెస్తారు. ఆకులతో పాటు దానికి మూడు పిందెలు కూడా వేళ్లాడుతూ ఉంటాయి. అది చూసి మామ్మ ముక్కుమీద వేలేసుకుని, "ఆకులు కోసుకు రారా అంటే, వేసవిలో తినవలసిన పళ్లు ఇప్పుడే కోసుకొచ్చావా, నాయనా!" అంటుంది.

మామ్మ అన్నమాట నిజం. మామిడికి పూత రెమ్మల చివర్లలో వస్తుంది. చివర విరిచేస్తే ఆ రెమ్మకు ఆ ఏడు కాయ లేనట్టే. అంతేకాదు, ఆకు చెట్టుకు వంటిల్లు. ఎండనూ, గాలినీ, నీటినీ ఉపయోగించుకుని చెట్టుకు కావలసిన ఆహారం అక్కడే తయారవుతుంది. పిందె పెరిగి పండు కావాలంటే ఆ వంట సాగుతూ ఉండాలి. కనుక తోరణానికి ఎన్ని ఆకులు కావాలో ముందే లెక్కవేసుకుని, అన్నే కోయాలి.

మీ గుమ్మం వెడల్పు 3 అడుగులనుకోండి. అంటే 36 అంగుళాలు. మూడేసి అంగుళాలకు ఒక ఆకు చొప్పున 12 ఆకులు చాలు. ఆకుల మధ్య ఖాళీలెన్ని? తొందరపడి 12 అనకండి, 11! వాటికి 11 బంతిపూలు. ఇవికాక, చివర చెప్పబోయే ప్రయోగానికి మరి 4 ఆకులు. మొత్తం 16.

ముదురుపచ్చగా, దళసరిగా ఉన్న ఆకులనే ఎంచుకోండి. రాగిరంగులో మెరిసే లేతాకుల జోలికి పోకండి. అవి ఇట్టే వాడిపోతాయి. అన్నీ ఒకే కొమ్మకు కోయక, కొమ్మకు ఒకటి రెండు చొప్పున తొడిమతో సహా కత్తిరించండి. తెంపినచోట సొన కారుతుంది. అది కొందరికి పడదు, ఒళ్లు పొక్కుతుంది. కాబట్టి చేతులు కడుక్కోనిదే కళ్లు నులుముకోకూడదు. ఎర్రచీమలు ఆకులను కలిపి కట్టుకున్న గూడు కనిపిస్తే దాన్ని కదపకండి. ఆ చీమలు తమ పిల్లపురుగులను నోట కరుచుకుని, వాటినుంచి వచ్చే పట్టుదారంతో ఆకులను కుడతాయి. చెట్టును తినే పురుగులను అవి పట్టి తింటాయి కూడా.

చీమలకు పట్టుదారం ఉన్నట్టే మనకు కొబ్బరి ఈనెపుల్లలున్నాయి. ఎండిన అరటిపట్టను సన్నగా చీల్చి, నీళ్లలో తడిపితే మంచి నార అవుతుంది. దాన్ని ముడివేసి 5 అడుగుల తాడు చేయండి. రెండు పక్కలా కట్టడానికి ఒక్కొక్క అడుగు వదలండి. ఆకు తొడిమవైపు కొసను తాడుమీదుగా మెల్లగా వెనక్కి మడిచి, రెండు పొరలనూ కలిపి చిన్న ఈనెపుల్ల గుచ్చండి. ఆకుకూ ఆకుకూ మధ్య ఒక బంతిపువ్వును దారంతో కట్టండి. తోరణం సిద్ధం! గుమ్మానికి కట్టే పని మాత్రం పెద్దవాళ్లకు వదిలేయండి.

ఇప్పుడు మిగిలిన నాలుగాకుల సంగతి చూద్దాం. వాటి తొడిమలు తెగినచోట్ల కాస్త వాజిలైను రాయండి. మొదటి ఆకుకు ఇంకేమీ రాయవద్దు. రెండోదానికి పైవైపు, మూడోదానికి అడుగువైపు, నాలుగోదానికి రెండువైపులా వాజిలైను పట్టించండి. నాలుగింటినీ ఒకే దారానికి నీడపట్టున వేళ్లాడదీసి, వారం రోజులపాటు రోజూ చూసి, కనిపించినది పుస్తకంలో రాసుకోండి.

మొదటి రెండు ఆకులూ ముందు వాడి ముడుచుకుంటాయి. మూడోది, నాలుగోది ఎక్కువకాలం పచ్చగా ఉంటాయి. ఎందుకని? మన ఇంటికి గుమ్మం ఉన్నట్టే ఆకుకూ గుమ్మాలుంటాయి. కంటికి కనబడని ఆ గుమ్మాలను పత్రరంధ్రాలంటారు. మామిడాకుకు ఇవి లక్షలకొద్దీ ఉంటాయి, అదీ అడుగువైపునే. వీటిగుండానే గాలి వస్తూ పోతూ ఉంటుంది, నీరు ఆవిరిగా బయటికి పోతుంది. చెట్టున ఉన్నప్పుడు పోయిన నీటికి బదులు వేళ్లు నీరు పంపిస్తాయి. కోసిన ఆకుకు ఆ దారి లేదు. వాజిలైను ఆ గుమ్మాలను మూసేసింది కనుకనే మూడో ఆకులో నీరు నిలిచింది.

గుమ్మానికి కట్టిన ఆకులు రోజులతరబడి ఇంటిగాలిని శుభ్రం చేస్తాయని కొందరంటారు. కాని నీరు తగ్గిన ఆకు తన గుమ్మాలను తానే మూసుకుంటుంది. ఇక గాలి లోపలికి పోయేదెలా? గాలిని మార్చగలిగేది పెరట్లోని చెట్టే.

బజారులో దొరికే ప్లాస్టిక్ తోరణం వాడిపోదు, నిజమే. కాని పారేశాక అది మట్టిలోనూ కలవదు. మీ తోరణం ఎండిపోయాక ఈనెపుల్లలు తీసి, ఆకులనూ నారనూ మామిడిచెట్టు పాదులోనే వేయండి. చెట్టునుంచి తీసుకున్నది మళ్లీ చెట్టుకే చేరుతుంది. చెట్టున ఉన్న పిందెలు పళ్లయ్యాక, మొదటి పండు మామ్మకు ఇవ్వడం మరిచిపోకండి!