ఆ అడుగులన్నీ ఏమయ్యాయి?

మీరు రోజుకు ఎన్ని అడుగులు వేస్తారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? సెల్‌ఫోన్ ఆ పని చేయగలదు. దానిలో త్వరణాన్ని కొలిచే చిన్న సాధనం ఉంటుంది. నడిచేటప్పుడు కలిగే కుదుపులను బట్టి అది అడుగులను లెక్కిస్తుంది.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 25న మన దేశంలో లాక్‌డౌన్ మొదలైంది. అప్పుడు మీరు చిన్నపిల్లలు. ఆ రోజుల్లో అమెరికా శాస్త్రజ్ఞులు 187 దేశాలలో అడుగులు లెక్కించే ఒక యాప్ వాడుతున్న నాలుగున్నర లక్షలమంది లెక్కలు పరిశీలించారు. ప్రకటన వెలువడిన 30 రోజులలో సగటున మనిషికి రోజుకు 1,432 అడుగులు తగ్గాయి. అంటే నూటికి 27 వంతులు! కఠినంగా లాక్‌డౌన్ విధించిన ఇటలీలో ఒక దశలో దాదాపు సగం తగ్గాయి. లాక్‌డౌన్ విధించని స్వీడన్‌లో తగ్గుదల నూటికి 7 వంతులు దాటలేదు.

కారణం ఊహించగలరా? వ్యాయామం చేయనివారిచేత కూడా బడి, బజారు, బస్టాపు ఎన్నో అడుగులు వేయిస్తాయి. గడప దాటనప్పుడు అవన్నీ పోయినట్లే గదా!

దానివల్ల నష్టమేమిటి? నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగిసి, సిరలలోని రక్తాన్ని గుండెవైపు నెడతాయి. రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి. కదలకుండా కూర్చుంటే ఈ రెండు పనులూ మందగిస్తాయి. అందుకే మీ వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే ఆటో, పనో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఒక ప్రయోగం చేయండి. బడి ఉన్న రోజున, సెలవు రోజున ఎన్ని నిమిషాలు నడిచారో, ఆడారో రాసుకుని పోల్చండి. సెలవునాటి అంకె బాగా చిన్నదైతే, ఎవరూ విధించకుండానే మీ ఇంట్లో లాక్‌డౌన్ నడుస్తున్నదన్నమాట!