నగరారోగ్యం – ప్రభుత్వ ప్రణాళిక, బస్తీ భాగస్వామ్యం

ఆరోగ్యమన్న మాట వినగానే మనకు ముందుగా స్ఫురించునవి దవాఖాన, డాక్టరు, మందు సీసా. ఒక వ్యక్తి ఆరోగ్యం విషయంలో ఇది సహజమే. కాని ఒక నగరం యొక్క ఆరోగ్యం దవాఖానలో నిర్ణయం కాదు. అది భూమిలో పాతిన గొట్టాలలోను, వీధి పక్కన పారే నాలాలోను, ఇంటి మూలన నీరు నింపి పెట్టిన డ్రమ్ములోను నిర్ణయమవుతున్నది. ఇందులో కొంత ప్రభుత్వం చేయవలసిన పని, కొంత బస్తీ ప్రజలు చేయవలసిన పని. ఒకరి పనిని మరొకరు చేయలేరన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన విషయం. ఇందుకు దూరదేశాల ఉదాహరణలు వెదకనక్కరలేదు; హైదరాబాదు నగర చరిత్రయే చాలును.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. మరుసటి సంవత్సరం ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని నగరానికి ఆహ్వానించినది. వరదను అరికట్టుటకు ఎగువన జలాశయాలు నిర్మించవలెనని సూచించుటతో ఆయన ఆగలేదు; నగరానికి మురుగు కాలువల వ్యవస్థ కూడ అవసరమని చెప్పినారు. ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. నదిని నిలువరించుటకు కట్టిన కట్టలే ప్రజలకు తాగునీరు ఇచ్చినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు వాడలను తొలగించి, వీధులను వెడల్పు చేసి, మల్లేపల్లి మొదలైన చోట్ల గాలి వెలుతురు గల ఇండ్లను కట్టించినది. ఒక్క మందు గోలీ పంచకుండ ఒక ప్రభుత్వం ఎంతటి ఆరోగ్యాన్ని ప్రసాదించగలదో చూపుటకు ఇది మేలైన దృష్టాంతం. అయితే ఆ కాలమంతా ప్రజల కొరకు పని జరిగినదే గాని, ప్రజలతో కలిసి జరుగలేదు.

ఆ లోటును కొంత పూరించినది 1967లో నగరపాలక సంస్థ ఆరంభించిన పట్టణ సమాజాభివృద్ధి పథకం. దీని పద్ధతి మిక్కిలి సరళమైనది. కార్యకర్త బస్తీకి వెళ్లి, "మీకు ఇది ఇస్తాము" అని చెప్పడు, "మీకు ఏది ముందు కావలె?" అని అడుగును. ఒక బస్తీ బాల్వాడీ కావలెనన్నది, మరొకటి కుట్టు కేంద్రం కోరినది, ఇంకొకటి నల్లా అడిగినది. ఏది అడిగినను, అది బస్తీవారు కూర్చుని మాట్లాడుకొనుటకు ఒక సందర్భమైనది. టీకాలవారు వచ్చినప్పుడు పిలువదగిన మహిళా మండలి అప్పటికే అక్కడ ఉన్నది. యునిసెఫ్, అటు తరువాత బ్రిటిష్ ప్రభుత్వం ఈ పథకానికి సాయపడినవి. కుట్టు మిషనుకు ఆరోగ్యానికి సంబంధమేమని నవ్వువారు ఉందురు. ఆ నలుగురు స్త్రీలు ఒకచోట చేరుటకు కారణం ఆ మిషనే కదా!

అయితే ప్రజలు ఎంత సంఘటితులైనను తమంతట తాము చేయలేని పనులు కొన్ని గలవు. 2009 మే నెలలో ముషీరాబాదు సమీపంలోని భోలక్‌పూర్‌లో కలుషిత జలం తాగి పలువురు మరణించినారు. వందలమంది ఆసుపత్రుల పాలైనారు. నల్లాలో మురుగు ఎట్లు చేరునో విద్యార్థులు స్పష్టంగా తెలిసికొనవలెను. ఇరవై నాలుగు గంటలు నిండుగా పారు గొట్టంలో నీటి ఒత్తిడి లోపలినుండి బయటకు ఉండును. చిల్లి ఉన్నను నీరు కారిపోవును గాని మురుగు లోపలికి రాదు. రోజు విడిచి రోజు రెండు గంటలు మాత్రమే నీరు వదిలినచో, మిగిలిన కాలమంతా గొట్టం ఖాళీ. పక్కనే పగిలిన డ్రైనేజీ ఉన్నచో, ఆ మురుగు అతుకుల గుండా మెల్లగా లోపలికి ఇంకును. దీనికి తోడు నల్లాకు మోటారు బిగించి లాగు ఇంటివారు తమకు తెలియకుండానే ఆ మురుగును కూడ లాగుచున్నారు. నీరు కాచి తాగుడని గోడల మీద వ్రాయుట సులభం. కాని పాత గొట్టాన్ని మార్చుట, నీటి లైనును డ్రైనేజీకి ఎడంగా వేయుట ప్రభుత్వపు పని. ఆ బాధ్యతను పేదవాని పొయ్యి మీదికి నెట్టరాదు.

నీరు సక్రమంగా రానందువలన మరొక చిక్కు కూడ ఉన్నది. మళ్లీ ఎప్పుడు వచ్చునో తెలియని నీటిని ప్రజలు డ్రమ్ములలోను, సంపులలోను నిలువ చేసుకొందురు. డెంగీని వ్యాపింపజేయు దోమ మురుగులో గాక, ఇట్టి తేట నీటిలోనే గుడ్లు పెట్టును. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్న నాటి నుండి, దోమ మీద మన పోరు ఈ నగరంతోనే ముడిపడి ఉన్నది. మన వాళ్లు నేటికీ కోరంటి దవాఖాన అని పిలిచే నల్లకుంట జ్వరాల ఆసుపత్రికి పెట్టిన పేరు కూడ ఆయనదే. దోమ గుడ్డు రెక్కల దోమగా మారుటకు సుమారు వారం పది రోజులు పట్టును. కావున వారానికొకసారి పాత్రలను ఆరబెట్టి, డ్రమ్ములపై గట్టిగా మూత వేసినచో ఆ చక్రం తెగిపోవును. ఈ పనిని ఏ శాఖ ఉద్యోగి లక్షల ఇండ్లలో చేయగలడు? పొగ మిషను వీధిలో తిరిగినంత మాత్రాన ఇంటి లోపలి డ్రమ్ములోని పురుగు చావదు.

ప్రభుత్వమూ, గృహిణీ ఒకే పనిలో కలిసిన సందర్భం 2016లో వచ్చినది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014 మార్చిలో మన దేశం పోలియో రహితమైనట్లు ధ్రువీకరింపబడినది. ఐనను మురుగునీటి పరీక్షలు మాత్రం ఆపలేదు. ఒక బిడ్డ కాలు చచ్చుబడక ముందే క్రిమి మురుగులో కనిపించును గనుక ఇది చౌకయైన కావలి. 2016లో అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం నమూనాలో, టీకా చుక్కలలోని క్రిమి నుండి రూపుమారి పుట్టిన రెండవ రకం పోలియో వైరస్ బయటపడినది. ఆ ఏప్రిల్‌లోనే రెండవ రకాన్ని చుక్కల మందునుండి తొలగించి ఉండుటవలన వెంటనే ఇంజెక్షన్ రూపంలో టీకా వేయవలసి వచ్చినది. మందు కొరత కారణంగా పూర్తి మోతాదులో అయిదవ వంతును చర్మంలోకి ఎక్కించు పద్ధతిని అనుసరించినారు. జూన్ 20న ప్రారంభించి ఒక వారంలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలోని ప్రమాదకర ప్రాంతాలలో 3 లక్షల 11 వేలకు పైగా పసిపిల్లలకు, అనగా లక్ష్యంలో 94 శాతం మందికి, టీకా వేసినారు.

అది రంజాన్ మాసం. ఎండ ఇంకా పూర్తిగా తగ్గని రోజులు. నోటిలో రెండు చుక్కలు వేయించుట వేరు, ఆరువారాల పసికందు చేతికి సూది గుచ్చనిచ్చుట వేరు. మురుగును పరీక్షించినది ప్రయోగశాల, మందు తెప్పించినది ప్రభుత్వం. బిడ్డను ఒడిలో పెట్టుకొని చేయి చాపినది మాత్రం తల్లి. ఆమె నమ్మకం ఆ వారంలో పుట్టినది కాదు. తన వీధిలోనే తిరిగే అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, పొరుగింటి పెద్దమ్మ ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనమది. 2018 నుండి నగరంలో తెరిచిన బస్తీ దవాఖానలకు కూడ మా దృష్టిలో అసలు విలువ ఇక్కడే ఉన్నది. జ్వరానికి గోలీ ఎక్కడైనను దొరకును. నడిచి వెళ్లగల దూరంలో, తన భాషలో మాట్లాడే నర్సు దొరుకుట అరుదు.

చట్టం కూడ ఇందుకు చోటిచ్చినది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం పట్టణ సంస్థలకు అప్పగింపదగిన విషయాలలో చేర్చి, మూడు లక్షలు లేక అంతకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండవలెనని నిర్దేశించినది. కమిటీ సమావేశానికి ఖాళీ చేతులతో పోవు పౌరునికి ఫిర్యాదు మాత్రమే ఉండును. లెక్కతో పోవువానికి వాదన ఉండును. ఆ లెక్క తీయుట మన కళాశాల విద్యార్థుల వలన అయ్యే పనియే. నల్లా నీటిలో క్లోరిన్ మిగిలి ఉన్నదో లేదో తెలిపే చిన్న పరీక్ష పెట్టె వెల స్వల్పం. నీటిలో రెండు చుక్కల మందు వేసినచో క్లోరిన్ ఉంటే పసుపు రంగు వచ్చును. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండవలెను. రంగు రానిచో ఆ ఇంటి నంబరు, తేదీ, వేళ నమోదు చేయవలెను. ఒక్క ఇంట రంగు రానిచో అది ఆ ఇంటి గొట్టపు లోపం కావచ్చును; వరుసగా పది ఇండ్లలో రానిచో లోపం వీధి కింద ఉన్నదని అర్థం. ఆ పట్టికను ఉర్దూలోను తెలుగులోను వ్రాసి ఒక ప్రతిని బస్తీ గోడకు, మరొక ప్రతిని వార్డు కార్యాలయానికి ఇవ్వవలెను. ఈ పని వర్షాలు పడక ముందే మొదలు పెట్టుట మంచిది. భోలక్‌పూర్‌లో మరణాలు సంభవించినది మే నెలలోనే.