మిద్దె మీద ఎనిమిది టన్నులు

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడుగు ఉన్న ఒక గది. పైన మట్టి మిద్దె. మన్ను మందం అడుగున్నర. కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క కడదాం. పదిని పన్నెండుతో హెచ్చవేస్తే 120 చదరపు అడుగులు. దాన్ని ఒకటిన్నరతో హెచ్చవేస్తే 180 ఘనపుటడుగులు. దిమ్మిసతో గట్టిపరచిన మన్ను ఘనపుటడుగుకు సుమారు 45 కిలోలు తూగుతుంది. మొత్తం 8,100 కిలోలు. ఎనిమిది టన్నులు పైన పెట్టుకుని, కింద చాప పరచుకుని ఒక కుటుంబం పడుకుంటుంది.

1993 సెప్టెంబర్ 30న తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు మహారాష్ట్రలో లాతూర్ జిల్లా కిల్లారి చుట్టుపక్కల జనం పడుకున్నది ఇలాంటి కప్పుల కిందే. వినాయక నిమజ్జనం ముగించుకుని, అలసిపోయి, అర్ధరాత్రి దాటాక ఇళ్లకు చేరినవాళ్లు చాలామంది. భూమి కదిలింది కొన్ని సెకన్లే. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లో ఎనిమిది వేలకు దగ్గర, ఇతర అంచనాల్లో పదివేలకు దగ్గర. ఆ ఊపు హైదరాబాదులో కూడా చాలామందిని నిద్రలేపింది.

భూకంపం తీవ్రత 6.2. ఈ అంకెను ఏడేళ్ల తర్వాత కచ్ఛ్‌లో వచ్చిన దాని పక్కన పెట్టి చూడాలి. 2001 జనవరి 26న గుజరాత్‌ను కుదిపిన భూకంపం తీవ్రత 7.7. తేడా ఒకటిన్నరే కదా అనిపిస్తుంది. కానీ ఈ కొలతలో ఒక మెట్టు ఎక్కితే వెలువడే శక్తి 32 రెట్లవుతుంది. ఒకటిన్నర మెట్లంటే దాదాపు 180 రెట్లు. మరి మరణాలు? కచ్ఛ్ భూకంపానికి అధికారిక లెక్క 13,805. అంటే శక్తి 180 రెట్లు ఎక్కువైతే, చావులు రెండు రెట్లు కూడా పెరగలేదు.

దీనికి ఒక కారణం గడియారం. కచ్ఛ్‌లో భూమి కంపించినప్పుడు ఉదయం 8:46. గణతంత్ర దినోత్సవం కావడంతో చాలామంది ఇళ్ల బయట ఉన్నారు. (బయట ఉండటమే ముప్పయిన చోటూ ఉంది. అంజార్ పట్టణంలో జెండా పండుగ ఊరేగింపుగా ఇరుకు సందులో నడుస్తున్న బడిపిల్లలు 185 మంది రెండు వైపుల గోడలూ విరిగిపడి చనిపోయారు.) రెండో కారణం ఇల్లు. కిల్లారిలో జనాన్ని చంపింది భూమి కంటే ఎక్కువగా ఇల్లే. అక్కడి నుంచి అసలు చిక్కు మొదలైంది. చంపిన ఇంటిని బాగుచేసుకుని మళ్లీ అందులో ఉండాలా, వదిలేసి పోవాలా?

గోడ లోపల ఏముంది

లాతూర్ ఉన్న మరాఠ్వాడాలో ఈ మట్టి కప్పును మాళవద్ అంటారు. మన రాయలసీమలో చౌడు మిద్దె, తెలంగాణలో మట్టి మిద్దె అనేదానికి అది సొంత అక్కచెల్లెలు. 1956 దాకా లాతూర్ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో ఉస్మానాబాద్ జిల్లాలోదే. చెక్క స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, పైన పలకలు, ఆపైన మన్ను. చుట్టూ పొలాల్లో ఏరిన నల్లరాళ్లతో, మట్టి అడుసుతో రెండు మూడడుగుల మందాన గోడ.

కట్టినరోజున మన్ను అడుగున్నర ఉండదు. వానలకు ముందు ఏటా కొత్త మన్ను తోలి పరుస్తారు. పాతదాన్ని తీసెయ్యరు. ఏడాదికి అరంగుళం పెరుగుతుందనుకున్నా 36 ఏళ్లకు 18 అంగుళాలవుతుంది. ఇంటికి చేసే సేవే ఇంటి మీద బరువైంది. కారకుండా ఉండాలని తాత వేసిందీ, తండ్రి వేసిందీ, కొడుకు వేసిందీ కలిసి ఆ ఎనిమిది టన్నులు.

మరి గోడ బరువు? అదే గదికి చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తు 9, మందం రెండున్నర అనుకుందాం. 990 ఘనపుటడుగులు. రాయీ మన్నూ కలిసి ఘనపుటడుగుకు 60 కిలోలు వేసుకుంటే 59 టన్నులు దాటుతుంది. కప్పు కంటే ఏడు రెట్లు. భూకంపంలో ఇంటి మీద పడే తోపు ఇంటి బరువును బట్టే ఉంటుంది. నేల ఊపు గురుత్వాకర్షణలో ఐదో వంతు అనుకుంటే, ఒక్క గోడలకే పన్నెండు టన్నుల పక్కతోపు తగులుతుంది. మందం ఎక్కువైతే బలం ఎక్కువన్న మన నమ్మకం ఇక్కడ తిరగబడుతుంది.

మందంగా కనిపించే ఆ గోడ నిజానికి ఒక గోడ కాదు, రెండు. బయటి ముఖానికి ఒక వరుస, లోపలి ముఖానికి ఒక వరుస పేర్చి, మధ్య సందులో రాతిముక్కలూ మన్నూ పోస్తారు. ఊపు రాగానే ఈ రెండు వరుసలూ దేనికదే బయటికి ఉబ్బి, విడిపోయి, జారిపోతాయి. కిల్లారిలో చాలాచోట్ల జరిగిందిదే. గోడలు కుప్పకూలాయి, లోపలి చెక్క చట్రం మాత్రం అక్కడక్కడా నిలబడే ఉంది. మిద్దె కట్టిన వడ్రంగి గెలిచాడు, గోడ కట్టిన పద్ధతి ఓడింది.

యాభై రాళ్లు, 180 తట్టలు

ఈ జబ్బుకు మందు పాతదే. గోడ కట్టేటప్పుడు ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా అడ్డంగా పోయే పొడుగు రాయి అక్కడక్కడా వెయ్యడం. రెండు వరుసలనూ అది కలిపి పట్టుకుంటుంది. భారత ప్రమాణాల ప్రకారం ఎత్తులో ప్రతి రెండడుగులకు ఒక వరుస, వరుసలో ప్రతి నాలుగడుగులకు ఒక రాయి ఉండాలి. గోడ మందం అడుగున్నరకు మించకూడదు. అంటే ఎనిమిది చదరపు అడుగుల గోడకు ఒక రాయి. మన గది గోడల వైశాల్యం 396 చదరపు అడుగులు గనక, గుమ్మాలూ కిటికీలూ తీసెయ్యకుండా చూసినా యాభై రాళ్లు. ఈ నియమాలు అచ్చయిన ఏడాది కూడా 1993 కావడం కాకతాళీయమే కానీ, మనసులో ముల్లులా ఉంటుంది.

కట్టేసిన గోడలో రాయి దూర్చలేం. అందుకని గోడకు ఇటునుంచి అటు రంధ్రం చేసి, కొక్కెం వంచిన ఇనుప చువ్వ పెట్టి, కాంక్రీటు నింపుతారు. ద్వారబంధాల పైనా, కప్పు కిందా గోడ చుట్టూ ఇనుప జాలీ బిగించి సిమెంటు పూస్తారు. నడుముకు మొలతాడు కట్టినట్టు ఈ పట్టీ ఇంటిని విడిపోనివ్వదు. స్తంభమూ దూలమూ కలిసే మూలల్లో ఏటవాలుగా చెక్క ముక్కలు కొడతారు. మిద్దె మీద మన్ను తగ్గించి, నీరు దిగకుండా మధ్యలో ప్లాస్టిక్ షీటు పరుస్తారు. అడుగున్నర మన్నును ఎనిమిది అంగుళాలకు దించితే బరువు 8,100 కిలోల నుంచి 3,600కు పడిపోతుంది. దించాల్సింది నాలుగున్నర టన్నులు. పాతిక కిలోల తట్టలతో 180 తట్టలు. ఇందులో పైసా సామాను లేదు, ఒంటి కష్టమే.

ఇంత చవకైన పని కిల్లారి చుట్టుపక్కల ఎంతమంది చేశారు?

ప్రపంచ బ్యాంకు అప్పుతో మహారాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన పునరావాసంలో ఊళ్లను మూడు వర్గాలుగా విడగొట్టారు. బాగా నేలమట్టమైన 52 ఊళ్లను మొత్తంగా కొత్త చోటికి మార్చారు. కొన్నిచోట్ల ఉన్నచోటే కట్టుకోవడానికి డబ్బిచ్చారు. మూడోది అన్నిటికన్నా పెద్దది. పగుళ్లు వచ్చినా నిలిచిన ఇళ్లు సుమారు రెండు లక్షలు, మరమ్మతు చేసి గట్టిపరచుకోవడానికి దెబ్బను బట్టి 17,000 లేదా 34,000 రూపాయలు. కాగితం మీద ఇది దేశంలో అప్పటికి అతిపెద్ద పాత ఇళ్ల మరమ్మతు పథకం.

నేల మీద వేరేగా జరిగింది. చాలామంది ఆ డబ్బుతో పాత ఇంటిని ముట్టుకోలేదు. పక్కనే ఇటుకతోనో కాంక్రీటుతోనో చిన్న కొత్త గది వేసుకున్నారు. రాయి అంటేనే భయం పట్టుకుంది. రాళ్ల కింద నుంచి పిల్లల్ని బయటికి తీసిన మనిషికి, యాభై చువ్వలు గుచ్చితే ఇదే గోడ నిలుస్తుందని చెప్పడానికి ఏ ఇంజనీరుకు నోరొస్తుంది? పైగా ఆ ఇంజనీర్లలో చాలామందికి కూడా రాయీ మట్టీ మీద నమ్మకం లేదు. చదువులో వాళ్లు నేర్చింది సిమెంటు. ఊరి మేస్త్రీకి తెలిసింది పాత పద్ధతి. రెండింటి మధ్య పొడుగు రాయి ఎవరికీ పట్టలేదు. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటే ఆ నేలలో చల్లగా ఉండే పాత ఇల్లు అలాగే ఉంది, బలపడకుండానే, అందులో మనుషులూ ఉన్నారు.

ఈ ఖాళీని కొంతైనా పూడ్చింది ఊళ్లలోని ఆడవాళ్లు. ప్రేమా గోపాలన్ నడిపిన స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ గ్రామ మహిళలను సంవాద్ సహాయకులుగా తయారుచేసింది. ఎవరికి ఎంత డబ్బు రావాలి, సిమెంటు ఎక్కడ దొరుకుతుంది, మేస్త్రీ పట్టీ సరిగ్గా వేస్తున్నాడా అన్నవి వాళ్లు ఇంటింటికీ తిరిగి చెప్పారు. 2001లో కచ్ఛ్ కూలినప్పుడు లాతూర్ నుంచి ఈ ఆడవాళ్లే వెళ్లి అక్కడివాళ్లతో కూర్చున్నారు.

చదరపు అడుగుల్లో ఊరు

మార్చిన 52 ఊళ్లలో 27 వేల పైచిలుకు ఇళ్లు లేచాయి. ఇక్కడ మూడు అంకెలు గుర్తుపెట్టుకోవాలి: 250, 400, 750. భూమి లేనివాళ్లకూ హెక్టారు లోపు ఉన్నవాళ్లకూ 250 చదరపు అడుగుల ఇల్లు. హెక్టారు నుంచి ఏడు హెక్టార్ల దాకా ఉంటే 400. అంతకు మించితే 750. పోయిన ఇల్లెంత, ఇంట్లో మనుషులెందరు అన్నది కాదు, పొలమెంత అన్నదే కొలబద్ద. ఊళ్లో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది అంతవరకూ గోడల వెనక, వాడల చివర ఉండేది. ఇప్పుడు పటంలో వీధి వీధికీ గీతగీసినట్టు పడింది.

పాత ఊరు ఒకదాన్నొకటి ఆనుకున్న వాడాలు (మధ్యలో వాకిలి ఉన్న ఇళ్లు), వంకర సందులు. కొత్త ఊరు వెడల్పు రోడ్లు, తిన్నటి వరసలు. భయపడిన జనం వెడల్పు రోడ్లనే అడిగారనీ చెప్పాలి. కానీ పొలం దూరమైంది, పశువులను ఇంట్లో కట్టే చోటు పోయింది, నట్టింటి వాకిలి పోయింది. కొన్నేళ్లకు జనం ఎవరికి వాళ్లే పాత ఊరి శిథిలాల నుంచి రాళ్లూ దూలాలూ తెచ్చి కొత్త ఇంటికి చేర్పులు వేసుకోవడం మొదలుపెట్టారు. వదిలేసిన రాయి మళ్లీ ఊళ్లోకి వచ్చింది, చాలాచోట్ల పొడుగు రాయి లేకుండానే.

కచ్ఛ్ ఈ అనుభవాన్ని చూసింది. అక్కడ రెండు లక్షలకు పైగా ఇళ్లు నేలకూలాయి, సుమారు పది లక్షలు దెబ్బతిన్నాయి. మొదట ప్రభుత్వం ఊళ్లను మార్చాలనే అనుకుంది. ఊళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకునేలా డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేశారు, మూడు వాయిదాల్లో: 40 శాతం ముందు, గోడ ద్వారబంధం పైకి వచ్చి భూకంప పట్టీ వేశాక 40, అంతా అయ్యాక 20. నా దృష్టిలో ఆ పథకం బలమంతా రెండో వాయిదాలోనే ఉంది. పట్టీ వెయ్యకపోతే డబ్బు రాదు. లాతూర్‌లో నచ్చజెప్పలేకపోయిన పనిని ఇక్కడ వాయిదా షరతు చేయించింది. గుండ్రంగా, తేలికపాటి గడ్డికప్పుతో ఉండే అక్కడి పాత మట్టి ఇళ్లు, భుంగాలు, చాలావరకు నిలిచాయన్నది కూడా జనం చూశారు. మూలలు లేని ఇంటికి మూల దగ్గర పగులు రాదు.

భుజ్ పాత పట్టణంలో సందులు వెడల్పు చెయ్యడానికి జాగా కావాలి. ఎవరి దగ్గర తీసుకోవాలి? 30 చదరపు మీటర్ల లోపు స్థలం నుంచి ఏమీ తీసుకోలేదు. వంద మీటర్ల లోపు 10 శాతం, రెండొందల లోపు 20, అయిదొందల లోపు 30, అంతకు మించితే 35. లాతూర్ మెట్లను, ఈ మెట్లను పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ ఎక్కువ ఉన్నవాడికి ఎక్కువ ఇచ్చారు, ఇక్కడ ఎక్కువ ఉన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకున్నారు.

అడుగుబద్ద

1993కు ముందు దేశ భూకంప పటంలో లాతూర్ 1వ జోన్, అంటే అన్నిటికన్నా తక్కువ ముప్పు. 2002 సవరణలో 1వ జోన్ అనేదాన్నే ఎత్తేశారు, కిల్లారి ప్రాంతాన్ని 3లోకి మార్చారు. మన దగ్గర 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం కదిలాయి. 2024 డిసెంబర్ 4న ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన కంపం హైదరాబాదులో ఫ్యాన్లు ఊపింది. మిద్దెలు ఇంకా ఉన్నాయి. కొన్నింటిలో తాతలు, అమ్మమ్మలు ఉంటున్నారు, కొన్నిటిని పండక్కి మాత్రమే తెరుస్తారు.

ఈ వేసవిలో చౌడు తోలించే ముందు, మిద్దె అంచు దగ్గర ఒక పలుగు పోటు పొడిచి మన్ను ఎంత లోతుందో కొలవండి. గోడ బయట నిలబడి, రెండడుగులకొక వరుసలో పెద్ద రాతి కొస ఏదైనా కనిపిస్తుందేమో చూడండి, లోపలి వైపు అదే ఎత్తులో దాని రెండో కొస ఉందో లేదో వెతకండి. ఆ తర్వాత గది పొడుగును వెడల్పుతో, వచ్చినదాన్ని అడుగుల్లో మన్ను మందంతో, ఆపైన 45తో హెచ్చవెయ్యండి. వచ్చేవి కిలోలు. కొత్త బండి మన్నుకు అడ్వాన్సు ఇచ్చేది ఆ అంకె చూశాకే.